తెరిపి లేని గురక

మా ప్రాంతీయ వర్షపాత నమోదు కార్యాలయంలో ఎవరు నిద్రపోయినా ఎవరికీ పట్టేది కాదు. వాన పడని రోజుల్లో మాకు పని ఉండదు. వాన పడిన రోజుల్లో దాన్ని పట్టే గిన్నెలు ఊళ్ళ మీద ఉంటాయి, మేం ఆఫీసులో ఉంటాం. అంచేత మధ్యాహ్నం క్యారేజీలు సర్దేశాక అందరం కాస్త కన్ను మూయడం ఇరవై రెండేళ్ళుగా నేను కళ్ళారా చూస్తున్న ఆచారం. కళ్ళారా అన్నాను గానీ అందులో సగం కాలం నా కళ్ళూ మూసుకునే ఉన్నాయి.

ఇలా ఎవరి కునుకు వాళ్ళు తీసుకుంటూ సుఖంగా ఉండగా రాజధానిలో మా శాఖాధిపతి గారు ఒక పని చేశారు. తుఫాను సన్నద్ధత మీద మంత్రిగారి సమీక్షలో మాట్లాడుతూ మాట్లాడుతూ, "ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అన్న వాక్యం సగంలో నిద్రలోకి జారుకున్నారు. ఎదురుగా మైకు ఉంది. ఆ గురక రాష్ట్రమంతా ఫోన్లలో తిరిగింది. అదే మా బోటి గుమస్తా అయితే ఉద్యోగం ఊడేది. ఆయన పెద్ద ఆఫీసరు కనక జబ్బు బయటపడింది. పెద్దాసుపత్రిలో ఒక రాత్రి ఒంటినిండా వైర్లు తగిలించి పడుకోబెట్టి, స్లీప్ ఆప్నియా అన్నారు. అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. ముక్కుకి తొడుక్కునే గాలి మిషను ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆయన చలాకీగా మెట్లెక్కుతున్నారని చెప్పుకున్నారు. అందుకు మేమంతా సంతోషించాం.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మామూలు మనిషికి మంచి జరిగితే నలుగురికీ చెప్పుకుంటాడు, పెద్ద ఆఫీసరుకి మంచి జరిగితే సర్క్యులరు పంపుతాడు. మాకూ ఒకటి వచ్చింది.

"విధినిర్వహణయందు నిద్రించు సిబ్బందిని అలసులుగా గాక రోగులుగా భావించవలెను. ప్రతి కార్యాలయమునందు గురక నిర్ధారణ సంఘమును నెలకొల్పి, అర్హులను గుర్తించి, కార్యాలయమునకు ఆరు చొప్పున మంజూరైన గాలి యంత్రములను పంపిణీ చేయవలెను. యంత్రము పొందిన ఉద్యోగిని, ఆరోగ్య కారణముల దృష్ట్యా, ఆ స్థానమునుండి బదిలీ చేయరాదు."

మొదటి రెండు వాక్యాలూ అందరూ ఒకసారి చదివారు. మూడోది మూడేసి సార్లు చదివారు. బదిలీల సీజనుకి ఇంకా ఇరవై రోజులే ఉంది. ఆ సాయంత్రానికల్లా మా ఆఫీసులో ఆరోగ్యవంతుడన్నవాడు మిగల్లేదు.

మా డిప్యూటీ డైరెక్టరు పురుషోత్తం గారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే ఎదుటివాళ్ళు నిలబడి వినాలనిపిస్తుంది. కూర్చుంటే నిద్రొస్తుంది.

"మనది కొలతల సంస్థ. ఇతర శాఖల వారు గురకను విందురు గాక. మనం మాత్రం కొలవాలి," అన్నారు. "పేర్రాజు గారూ, ఇన్నేళ్ళుగా వానను కొలుస్తున్నారు. ఇకపై గురకను కూడా అదే నిష్ఠతో కొలవండి. సంఘానికి మీరే కార్యదర్శి."

పేర్రాజు అంటే నేనే. కొలతల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. నిజం ఒప్పుకోవాలి, ఆ మాటకి నేను పొంగిపోయాను. రెండు రోజులు కూర్చుని ఒక ఫారం తయారుచేశాను. వాన పట్టీకీ దానికీ తేడా లేదు. అభ్యర్థిని అరగంట పడుకోబెడతాం. కాలుష్య నియంత్రణ ఆఫీసు వాళ్ళ దగ్గర ఎరువు తెచ్చిన మీటరుతో చప్పుడు కొలుస్తాం. జల్లు గురక, ఓ మోస్తరు గురక, భారీ గురక, అతి భారీ గురక అని నాలుగు తరగతులు. వాన మధ్యలో వెలిస్తే తెరిపి అని రాస్తాం కదా, అలాగే గురక ఆగినంత సేపూ సెకన్లతో సహా రాయడానికి తెరిపి అని ఒక గడి పెట్టాను.

పురుషోత్తం గారు ఆ గడిని చూసి మెచ్చుకున్నారు. "అరగంటలో నిమిషానికి మించి తెరిపి ఉన్నవారు అనర్హులు అని కూడా చేర్చండి. ఆగి ఆగి కురిస్తే దాన్ని ముసురంటామా?"

అనం అన్నాను. చేర్చాను.

మొదటి పరీక్ష ఆయనదే. తన్ను తాను పరీక్షించుకుంటే బాగుండదని అధ్యక్ష స్థానం నుంచి అరగంట పాటు వైదొలగి, ఆ కుర్చీలో సూపరింటెండెంటు సోమయాజులు గారిని కూర్చోబెట్టి, సమావేశ మందిరంలో వేసిన మడత మంచం మీద పడుకున్నారు. తల ఆనిన మరుక్షణం గురక మొదలైంది. మీటరు ముల్లు అతి భారీ దగ్గర కదలకుండా నిలబడింది. పదో నిమిషంలో ఆయన ఫోను మోగింది. గురక ఆపకుండానే ఫోను తీసి, ఎవరో చూసి, తరవాత చేస్తానని సందేశం పంపి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తెరిపి గడిలో శూన్యం అని రాశాను. రాయక ఏం చేస్తాను, ఆయన గురక నిజంగానే ఆగలేదు.

సోమయాజులు గారు గట్టివారు. ఊళ్ళో సన్నాయి వాయించే ఆయన దగ్గర వారం రోజులు ఊపిరి తెగకుండా లాగే కిటుకు నేర్చుకుని మరీ వచ్చారు. ఆయన గురకలో మోహన రాగం ఛాయలున్నాయని సంగీతం తెలిసిన మా క్యాషియరు అన్నాడు. ఆ తరవాత ఇంకో ముగ్గురు ఆఫీసర్లు నెగ్గారు. టైపు సెక్షను సుగుణ గారు కూడా దరఖాస్తు పెట్టారు. ఆవిడ పొద్దున్నే తలనొప్పితో లేస్తానని, మిట్టమధ్యాహ్నం టైపు చేస్తూ చేస్తూ తూలిపోతున్నానని రాశారు. స్త్రీలు గురక పెట్టరని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘంలో స్త్రీలు లేరు.

ఐదు మిషన్లు అయిపోయాయి. ఆరోది మిగిలింది. అప్పుడు వచ్చాడు తాతబ్బాయి.

తాతబ్బాయి మా జీపు డ్రైవరు. యాభై దాటాయి. మెడ లావు, చొక్కా పై గుండీ పెట్టుకోవడానికి రాదు, నోట్లోంచి గట్టి మాట రాదు. రైలు గేటు పడితే స్టీరింగు మీదకి ఒరిగిపోయేవాడు. గేటు లేచాక వెనకవాళ్ళ హారన్లకి లేచేవాడు. నిద్ర ఆపుకోవడానికి జేబులో పచ్చిమిరపకాయలు పెట్టుకుని, కళ్ళు మూతలు పడుతుంటే ఒకటి కొరికేవాడు. ఆయన తాగి నడుపుతాడని ఆఫీసులో సగంమంది అనుకునేవాళ్ళు. కారం తిని నడుపుతాడని నాకొక్కడికే తెలుసు. దానికి కారణమేమిటని నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆయన తనకై తాను రాలేదు. భార్య లోవతల్లి లాక్కొచ్చింది. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ప్రభుత్వాసుపత్రి డాక్టరు నూర్జహాన్ గారి రిపోర్టు ఉన్నాయి. ఒక రాత్రంతా వైర్లు పెట్టి చూశారట. గంటకి నలభై మూడు సార్లు ఊపిరి ఆగుతోంది. బీపీ బాగా పెరిగి ఉంది. గాలి మిషను అత్యవసరం, మిషను వాడి కుదుటపడేదాకా వాహనం నడపకూడదు అని ఎర్ర సిరాతో రాసి, కింద గీత గీశారు.

పురుషోత్తం గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "బయటి వ్యక్తుల కొలతలు సంఘం పరిగణించజాలదు. ఇక వాహనం నడపకూడదు అన్న విషయమై... నడపకపోతే ఇతగాడు డ్రైవరెలా అవుతాడు? ఈ సలహాలో అంతర్గత వైరుధ్యం ఉంది."

"మరైతే మీరే సూడండి బాబూ, మీ కళ్ళతోనే," అంది లోవతల్లి.

సరే, మడత మంచం వేశారు. నేను మీటరు బల్ల మీద పెట్టి గడియారం సరిచూసుకునే లోపు తాతబ్బాయి నిద్రపోయాడు. అప్పటిదాకా ఆ మంచం మీద నిజంగా నిద్రపోయిన అభ్యర్థి ఆయనొక్కడే. గురక భారీ నుంచి అతి భారీకి ఎక్కింది. అక్కడ ఠక్కున ఆగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను గడియారం చూసి, ముప్పై రెండు సెకన్లు, తెరిపి అని రాశాను. అప్పుడు ఒంట్లోంచి ఏదో తెగినట్టు పెద్దగా ఎగశ్వాస తీసి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ తెరిపి.

"ఆరంభశూరత్వం," అన్నారు సోమయాజులు గారు పెదవి విరిచి. "సాధన లేదండీ. ఊపిరి నిలబెట్టలేకపోతున్నాడు."

"అభ్యర్థిలో నిలకడ లోపించింది," అన్నారు పురుషోత్తం గారు. "రాసుకోండి."

అరగంటలో ఇరవై ఒక్క తెరిపులు. మొత్తం పదకొండు నిమిషాలు. అనర్హుడు.

తాతబ్బాయి లేచి, ముఖం తుడుచుకుని, "నెగ్గానాండీ?" అని అడిగాడు. పురుషోత్తం గారు ఇంకో ఫైలు తెరిచారు. లోవతల్లి మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి ఫారం మీద వేలు పెట్టింది. ఆవిడకి చదువు కొద్దిగా వచ్చు.

"తెరిపి అని రాశారు సూడండి, అదేనండీ జబ్బు. ఆయన గురకెడతన్నంత సేపూ నాకేం దిగులుండదండీ, నేనూ ఓ కునుకు తీత్తాను. అది ఆగిందనుకోండి, సటుక్కున లేచి కూచుంటాను. జబ్బట్టుకుని కుదుపుతాను. ఊపిరొచ్చేదాకా కుదుపుతానే ఉంటాను. పదకొండేళ్ళయిందండీ నేను తిన్నగా నిద్రోయి."

"భార్య వాంగ్మూలం ఆప్తసాక్ష్యం కిందికి వస్తుంది. చెల్లదు," అన్నారు పురుషోత్తం గారు, మర్యాదగానే.

ఆవిడ చెప్పింది రాయడానికి ఫారంలో గడి లేదు. గడి లేనిది నేనెప్పుడూ రాయలేదు. కింద సంతకం పెట్టాను. ఇవాళ తలుచుకుంటే ఆ సంతకానికి సిగ్గుగా ఉంటుంది. ఆరో మిషను తనిఖీకి వచ్చే అతిథుల సౌకర్యార్థం గెస్ట్ హౌసు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తరవాత మా ఆఫీసు వైభవం చూడాలి. మిషను ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య కులభేదం లాంటిది వచ్చేసింది. ఆ ఐదుగురూ గొట్టాన్ని మెడలో వేసుకునే తిరిగేవాళ్ళు. సమావేశాలకి ముక్కుకి తొడుక్కునే వచ్చేవాళ్ళు. పురుషోత్తం గారు మాస్కు లోంచి మాట్లాడుతుంటే గాలి తప్ప అక్షరం బయటికి వచ్చేది కాదు. "అధ్యక్షులు సుదీర్ఘంగా శ్వాసించి దిశానిర్దేశం చేశారు" అని నేను మినిట్సు రాసేవాణ్ణి, ఆయన సంతకం పెట్టేవారు. బదిలీల సీజను వచ్చింది, పోయింది. ఆ ఐదుగురిలో ఒక్కరు కూడా కదల్లేదు. సుగుణ గారిని మాత్రం ఏజెన్సీకి వేశారు.

ఇలా ఉండగా శాఖాధిపతి గారు అమలాపురంలో ప్రాంతీయ గురక సదస్సు ప్రారంభిస్తారని కబురొచ్చింది. తాతబ్బాయి జీపులో బయల్దేరాం. పురుషోత్తం గారు ముందు సీట్లో, సోమయాజులు గారూ, నేనూ, ఇంకో ఇద్దరు ఆఫీసర్లూ వెనక. అందరి ఒళ్ళోనూ మిషన్లు, నా ఒళ్ళో ఫైళ్ళు. పొద్దున్న పదకొండింటికి ఎండ ఫెళఫెళలాడుతోంది. అటూ ఇటూ రొయ్యల చెరువులు. రోడ్డు తిన్నగా ఉంది. పురుషోత్తం గారు సదస్సులో చదవబోయే ప్రసంగం మాకు ముందుగా వినిపిస్తున్నారు. నిద్రను జయించడమెలా అన్నది విషయం. రెండో పేజీలో వెనక నలుగురికీ కళ్ళు మూతలు పడ్డాయి. తాతబ్బాయి మిరపకాయలు అంతకు ముందే అయిపోయాయి.

కొంత దూరం పోయాక రోడ్డు కుడికి తిరిగింది. జీపు తిరగలేదు.

చెరువు నడుం లోతే, దేవుడు మేలు చేశాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. పురుషోత్తం గారు ప్రసంగం కాగితాలు తలపైకెత్తి పట్టుకుని, మెడలో గొట్టంతో నీళ్ళలో నిలబడి, "ఈ చెరువు ఏ మండలం పరిధిలోకి వస్తుంది?" అని అడుగుతున్నారు. సోమయాజులు గారి పంచెలోకి రొయ్యలు దూరి ఆయన నిలబడలేకపోతున్నారు. గట్టు మీద చెరువు రైతు, "ఎవడ్రా అక్కడ! మేత టైములో ఈతలేంట్రా!" అని కేకలు.

నేను డ్రైవరు సీటు వైపు చూశాను. తాతబ్బాయి ఇంకా నిద్రలోనే ఉన్నాడు. తల స్టీరింగు మీద ఉంది, నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, గురక మోగిపోతోంది. అంతలో ఆగిపోయింది. నా చేతిలో ఫారం లేదు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పది, ఇరవై. ఇరవై ఐదు దగ్గర ఆయన పెదవులు నల్లబడటం చూశాను. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. నాకు చచ్చేంత భయం వేసింది. జబ్బ పట్టుకుని కుదిపాను, కుదిపాను, ఊపిరి వచ్చేదాకా కుదుపుతూనే ఉన్నాను.

ఆయన ఎగశ్వాసతో లేచి చుట్టూ చూశాడు. "వచ్చేశామాండీ?" అన్నాడు.

నేను ఆ రోజు పదకొండు నిమిషాల పాటు గళ్ళలో నింపింది ఏమిటో ఆ చెరువులో తెలిసింది. నా మీద నాకే కోపం వచ్చింది. కోపం తెచ్చుకోవడం నా ఉద్యోగంలో లేదు, ఎలా ఖర్చుపెట్టాలో తెలియక ఇంటికొచ్చి అన్నం మానేశాను.

మర్నాడే అభియోగ పత్రం తయారైంది. నేరం, అర్హత పత్రం లేకుండా విధినిర్వహణలో నిద్రించుట. అర్హత పత్రం ఉన్న ముగ్గురు అదే సమయంలో అదే జీపులో నిద్రించారు, వారి విషయంలో అది చికిత్సలో భాగమని తేలింది. పత్రం లేని నా కునుకు ఎవరి లెక్కలోకీ రాలేదు. తాతబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేయడానికి ఫైలు నా దగ్గరికే వచ్చింది. డాక్టరు గారి రిపోర్టు మళ్ళీ జతచేశాను, తిరిగొచ్చింది. ఆవిడ స్వయంగా ఫోను చేసి, "గురక పెట్టడం కాదండీ, ఆగడం చూడాలి. మిషను ఆ గొంతు మూసుకుపోకుండా గాలితో తెరిచి పెడుతుంది, అంతే. ఇందులో అర్థం కానిది ఏముంది?" అని కేకలేశారు. నాకు అర్థమైంది. నాకు అర్థమైతే లాభం లేదు, నిబంధనకి అర్థం కావాలి.

అంచేత నిబంధనల పుస్తకం తీశాను. మా శాఖకి ఉన్నది ఒకటే పుస్తకం, వానది. పదిహేడో నిబంధన దగ్గర నా వేలు ఆగింది. "వర్షమానియందు నీరు అంచు దాటి పొంగినచో, కొలత సాధ్యపడనందున, గడిని ఖాళీగా విడిచి, సదరు వర్షమును అత్యధికమైనదిగా భావించవలెను."

వెంటనే నోటు రాశాను. తాతబ్బాయి పరీక్షలో ఇరవై ఒక్కసారి మీటరు ఏమీ చూపలేదు. దానిని తెరిపిగా నమోదు చేయుట కార్యదర్శి పొరపాటు. గురక భారీ, అతి భారీ దాటి మీటరు సామర్థ్యాన్ని మించి పొంగినందున కొలత సాధ్యపడలేదు. నా సర్వీసులో అబద్ధాలు చాలానే రాశాను గానీ, ఒక మనిషికి పనికొస్తుందని రాసింది అదొక్కటే.

పురుషోత్తం గారు చదివి కుర్చీలోంచి లేచారు.

"అంటే... కొలతకు అందని గురక! ఇరవై ఒక్కసారి! మన కార్యాలయంలో!"

"నాది అందిందండీ," అన్నారు సోమయాజులు గారు చిన్నబోయి. "వారం రోజులు నేర్చుకున్నా మీటరుకి అందిపోయింది."

అభియోగం చించేశారు. రాజధానికి ప్రత్యేక నివేదిక వెళ్ళింది. గెస్ట్ హౌసు బీరువా తాళం తీసి, ఆరో మిషను శాలువాతో సహా తాతబ్బాయికి ఇచ్చారు. ఆయన శాలువా కప్పుకుని, "నేనేం చేశానండీ?" అని నన్ను అడిగాడు. నిద్రపోయావులే అన్నాను.

నూర్జహాన్ గారు మాస్కు కొలత సరిచూసి, పక్కకి తిరిగి పడుకోమని, ఒళ్ళు తగ్గించమని చెప్పి పంపారు. మొదటి వారం లోవతల్లికి కొత్త బాధ. గురక లేదు, ఊపిరి ఉందో లేదోనని గంటగంటకీ లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదట. రెండో వారం నుంచి ఆవిడా పడుకుంది. నెలకి తాతబ్బాయి ముఖం తేటపడింది. రైలు గేటు దగ్గర దిగి, అటూ ఇటూ తిరుగుతూ పక్క బండ్లవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు నాతో, "పేర్రాజు గారండీ, యానాం రోడ్డులో ఇన్ని పువ్వుల చెట్లున్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలవదండీ," అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

సర్కారు ఏ పనీ మధ్యలో వదలదు. మూడు నెలలకి ఇంకో సర్క్యులరు వచ్చింది. వ్యాధి కొనసాగుతున్నదీ లేనిదీ పరీక్షించి, నయమైన వారి వద్దనుండి యంత్రము స్వాధీనపరచుకొనవలెను.

మళ్ళీ మడత మంచం, మళ్ళీ మీటరు. ఐదుగురు ఆఫీసర్లూ మునుపటి కంటే గొప్పగా గురక పెట్టారు. మిషను తొడుక్కుని మరీ పెట్టారు, స్విచ్చి మాత్రం వెయ్యలేదు. వ్యాధి పట్ల వారి దీర్ఘకాలిక నిబద్ధతను సంఘం అభినందించింది. చివర్లో తాతబ్బాయి పడుకున్నాడు. మిషను సన్నగా హోరుమంటోంది. అరగంట సేపు ఆయన ఛాతీ నెమ్మదిగా లేస్తూ దిగుతూ ఉంది. మీటరు ముల్లు కదల్లేదు.

"పొంగిందంటారా?" అన్నాను ఆశగా.

పురుషోత్తం గారు మంచం మీదకి వంగి విన్నారు. "లేదు. ఊపిరి స్పష్టంగా వినబడుతోంది. పొంగలేదు, వెలిసిపోయింది. అభ్యర్థికి నయమైనట్టు నమోదు చేయండి. యంత్రం సాయంత్రంలోగా జమ చేయాలి."

"అది మిషను ఉండబట్టి నయమైందండీ. తీసేస్తే మళ్ళీ వస్తుంది. కళ్ళజోడు పెట్టుకుంటే కనబడుతోంది కదా అని కళ్ళజోడు లాక్కుంటామా?" అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆఫీసరు ఎదుట నా గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

"కళ్ళజోళ్ళు మన శాఖ పరిధిలోకి రావు పేర్రాజు గారూ," అన్నారాయన.

సాయంత్రం అయిదింటికి మొగుడూ పెళ్ళాం వచ్చారు. మిషను శుభ్రంగా తుడిచి, గొట్టం చుట్టచుట్టి, బుట్టలో పెట్టి తెచ్చారు. నేను ఎదురు చెప్పగలిగిందంతా చెప్పేశాను, ఇంక నా దగ్గర నిబంధన కూడా లేదు. లోవతల్లి ఏడవలేదు, బతిమాలలేదు. బుట్ట పురుషోత్తం గారి బల్ల మీద పెట్టింది.

"తీసుకోండి బాబూ. సర్కారోళ్ళ సొమ్ము మాకొద్దు. మళ్ళీ నేనే మేలుకుంటాను, నాకు అలవాటే," అంది. అని మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, రేపెక్కడికో తెల్లారగట్ల బయల్దేరాలన్నావు, ఎక్కడికి?"

"రాజమండ్రి," అన్నాడు తాతబ్బాయి. "మీటింగు. ఐదుగురు ఆఫీసర్లూనూ."

"ఎటేపు నించి?"

"గోదారి బ్రిడ్జి మీంచి."

"బండిలో నువ్వు నిద్రోతే కుదపడానికి నేనుండను గదయ్యా," అందావిడ. "ఆ అయ్యగార్లలో ఎవరికన్నా చెప్పు, కాత్త కనిపెట్టుకుని ఉండమని."

సోమయాజులు గారు మెడలో గొట్టం తీసి బల్ల మీద పెట్టారు. పురుషోత్తం గారు కిటికీ లోంచి జీపు వంక చూశారు, తాతబ్బాయి వంక చూశారు, వరద మీదున్న గోదావరి లెక్కలు రాసిన గోడ పట్టీ వంక చూశారు. గొంతు సవరించుకున్నారు.

"పేర్రాజు గారూ, ఆ ఫైలు ఇలా ఇవ్వండి. సదరు యంత్రాన్ని ఇప్పటివరకు వైద్య పరికరంగా వర్గీకరించడంలో కార్యాలయం పొరబడింది. ఇది వాహన భద్రతకు సంబంధించిన వస్తువు. కనుక దీన్ని జీపు విడిభాగంగా పరిగణించి, జీపు ఉన్నంత కాలం డ్రైవరు ముక్కుకే బిగించి ఉంచవలసిందిగా ఆదేశించడమైనది."

నేను ఆలస్యం చేయలేదు, మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని. అప్పటికప్పుడు జీపు విడిభాగాల రిజిస్టరు తెప్పించి ఆయన ఎదుటే రాశాను. చక్రాలు నాలుగు, స్టెప్నీ ఒకటి, జాకీ ఒకటి, డ్రైవరు ఊపిరి ఒకటి. పక్కన స్థితి అన్న గడిలో 'పనిచేయుచున్నది' అని రాసి సంతకానికి పెట్టాను. ఆయన చదవకుండానే పెట్టేశారు.